ఎరుక చెప్పిన మౌనం

రేవుపాలెంలో మొదటి రాయి పడింది గిన్నెడు అన్నం కోసం.

లుమేరి దీవులు సముద్రంలో మునిగిపోయాక, అక్కడ మిగిలిన జనాన్ని ఓడల్లో తెచ్చి, రేవుపాలెం పక్కన ఇసుకదిబ్బల మీద రేకుల ఇళ్ళు వేసి దింపారు. కొత్తలో ఊరివాళ్ళు వాళ్ళని చూసి జాలిపడ్డారు. ఒక వానరోజున చేపలమ్మే గౌరమ్మ, పొయ్యి తడిసిపోయి పస్తున్న ఒక లుమేరీ కుటుంబానికి గిన్నెతో వేడివేడి అన్నం పట్టుకెళ్ళింది. ఆ ఇంటి ముసలాయన గిన్నె అందుకుని, పిడికెడు అన్నం తీసి, ఆమె చూస్తుండగానే నేలమీద వదిలేశాడు.

"నా సేతి కూడు నేలపాల్జేసినాడు! కుక్కకేసినట్టేసినాడు!" అని గౌరమ్మ దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చింది. పొద్దు గూకకముందే ఊరి మగవాళ్ళు దిబ్బల మీదికి పోయారు. రాళ్ళు పడ్డాయి. పడవలు తగలబడ్డాయి. ముసలాయన తలకు దెబ్బ తగిలి ఆస్పత్రిలో పోయాడు.

మనసుకు దగ్గరైనవాళ్ళు పెట్టిన తిండిలో మొదటి పిడికెడు, సముద్రంలో ఉండిపోయిన తమవాళ్ళకు వదలడం లుమేరీల అలవాటని ఆ తరువాత తెలిసింది. కొనుక్కున్న తిండికి, సర్కారు పంచిన తిండికి ఆ మర్యాద లేదు. గౌరమ్మను ఆయన తన మనిషిగా ఎంచాడన్నమాట.

ఈ సంగతి బయటపెట్టింది హిమబిందు. విశాఖపట్నంలోని సహజీవన పరిశోధనాలయంలో ఆమె మనుషుల అలవాట్ల మీద పనిచేసేది. శవం పక్కన కూర్చున్న ముసలాయన భార్యతో దుబాసీ సాయంతో పొద్దంతా మాట్లాడి, బయటికొచ్చి, ఆస్పత్రి మెట్ల మీద కూలబడింది. గౌరమ్మకు ఆ క్షణాన పక్కనుండి ఒక్క మాట చెప్పేవాళ్ళుంటే ఆయన బతికేవాడు.

"చెప్పే మనిషిని ప్రతి ఒక్కళ్ళ పక్కనా నిలబెట్టలేం హిమా," అన్నాడు డైరెక్టర్ కిరీటి. "యంత్రాన్ని పెట్టగలం."

అలా మొదలైంది ఎరుక.

చెవి వెనక అంటించుకునే చింతగింజంత పూస అది. హిమబిందు బృందం రేవుపాలెంలోనే మకాం పెట్టి, ఏళ్ళ తరబడి రెండువైపులా ఇళ్ళల్లో కూర్చుని పెళ్ళిళ్ళు, చావులు, వంటలు, తగువులు, జోలపాటలు అన్నీ రికార్డు చేసి దానికి నేర్పింది. ఎదుటివాళ్ళు చేసేది అర్థం కాక "ఎందుకలా?" అని గొణిగితే చాలు. పూస తాను చూసినదాన్నీ విన్నదాన్నీ తనకు తెలిసిన వేల సందర్భాలతో పోల్చుకుని చెవిలో నెమ్మదిగా జవాబు చెబుతుంది.

మొదటి పూస గౌరమ్మకే పెట్టారు. ముసలాయన భార్య దగ్గరికి మళ్ళీ అన్నం పట్టుకెళ్ళమన్నారు. "నాను పోను బాబూ, ఏ మొకం పెట్టుకుని పోతాను" అని ఆమె ఏడ్చినంత పనిచేసింది. చివరికి వెళ్ళింది. ముసలామె గిన్నె అందుకుని చాలాసేపు చూసి, పిడికెడు తీసి ఇసుకలో వదిలింది. పూస చెప్పింది. గౌరమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుని అక్కడే నిలబడిపోయింది. దూరం నుంచి చూస్తున్న హిమబిందు చేయి కిరీటి గట్టిగా పట్టుకున్నాడు.

పూసలు రెండువైపులా పంచారు. ఊరివాళ్ళు కనిపించినప్పుడల్లా "తిన్నావా?" అని అడగడం, రేషను మీద బతికే తమను ఎత్తిపొడవడానికి కాదని లుమేరీలకు తెలిసింది. లుమేరీలు కృతజ్ఞత మాటల్లో చెప్పరని, గిన్నె తిరిగివ్వకుండా ఉంచుకోవడమే మళ్ళీ రమ్మనడమని ఊరివాళ్ళకు తెలిసింది. ఆ తరువాత రేవుపాలెంలో రాయి లేవలేదు. మిగతా తీరంలోని కాలనీలవాళ్ళు కూడా మాకూ కావాలని అడిగారు.

*

ఇసోరా దుబాసీగా పనికి చేరినప్పుడు చదువు అప్పుడే పూర్తిచేసింది. దీవి మునిగేనాటికి తల్లి కడుపులో ఉంది. తెలుగు రేవుపాలెం వీధుల్లోనే నేర్చుకుంది. హిమబిందు కొడుకు విహాన్ ఓడల బ్యాటరీలు బాగుచేసే ఇంజనీరు. తల్లిని తీసుకెళ్ళడానికి వచ్చేవాడు, తరువాత తల్లి లేని రోజుల్లోనూ వచ్చేవాడు. భర్త పోయిన దగ్గర్నుంచి కొడుకే లోకంగా బతికిన హిమబిందు వాళ్ళిద్దరి పెళ్ళికి ఎవరినీ అడగలేదు. తనే దిబ్బల మీదికెళ్ళి ఇసోరా తల్లి తనేవాతో మాట్లాడి వచ్చింది. తనేవా చేపలు ఎండబెట్టే చోట పనిచేసేది. బజారులో వినీ వినీ తెలుగు పట్టేసింది. "వొదినా" అని పిలవడం కూడా అక్కడే నేర్చుకుంది.

పెళ్ళయిన కొత్తలో ఇసోరా అన్నిటికీ నోరు తెరిచి అడిగేది.

"అత్తయ్యా, గడపకి పసుపు ఎందుకు రాస్తారు?"

"ఏమోనే. మా అమ్మ రాసేది, నేనూ రాస్తున్నా."

"మీరు ఇంత చదువుకున్నారు, మీకూ తెలీదా?"

"నీకు తెలిస్తే చెప్పు. రేపటి నుంచి ఆ కారణానికే రాద్దాం."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. గడప దగ్గర మొదలైన మాట హిమబిందు చిన్ననాటి ఇంటికీ, వాళ్ళమ్మ కోపాలకీ, అక్కడి నుంచి ఎక్కడికో పోయేది. వంట మాడిపోయిన రోజులున్నాయి.

పూసలు ఊరందరికీ అందాక ఇసోరా కూడా పెట్టుకుంది. పసుపు గురించి పూస ఆమెకు చక్కగా, తప్పుల్లేకుండా చెప్పింది. ఒకరోజు హిమబిందే అడిగింది.

"ఈమధ్య నన్నేమీ అడగట్లేదేమే?"

"మిమ్మల్ని విసిగించడం ఎందుకత్తయ్యా. ఎరుక ఉందిగా."

హిమబిందుకు గర్వంగానే అనిపించింది. ఆ పూట వంట మాడలేదు.

*

ఇసోరాకు ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి నుంచి నేరుగా హిమబిందు ఇంటికే తెచ్చారు. పుట్టింట్లో రేకుల వేడి పసిదానికి పడదని అందరూ అనుకున్నదే. కొద్దిరోజులు ఇసోరా బాగానే ఉంది. పాపకు లుమేరీ పాట ఏదో పాడేది.

తరువాత ఒక ఉదయం, "తల నొప్పిగా ఉందత్తయ్యా" అంది.

"బాలింత తలకి చల్లగాలి తగిలితే అంతేనమ్మా," అని హిమబిందు చెవుల్లో దూది పెట్టి, తలకు మెత్తటి నూలుగుడ్డ బిగించి కట్టింది. తన తల్లి తనకు కట్టినట్టే. "పడుకో. తగ్గిపోతుంది."

ఇసోరా మరి తలనొప్పి అనలేదు. మాటలు తగ్గించింది. నిద్రపోనివ్వాలని ఇంట్లో ఎవరూ ఆ గదిలోకి ఎక్కువ వెళ్ళలేదు. కిటికీ తెరిస్తే మొహం తిప్పేసుకునేది. ఒకరోజు హిమబిందు పథ్యపు అన్నం పట్టుకుని గదిలోకి వెళ్ళేసరికి గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. పిలిస్తే పలకలేదు. కంచం దగ్గర పెడితే చేత్తో పక్కకు నెట్టింది.

హిమబిందు గుమ్మంలోకి వచ్చి, అలవాటుగా గొణిగింది. "ఎందుకలా?"

పూస జవాబు చెప్పింది. "లుమేరీ స్త్రీలు ప్రసవం తరువాత గోడవైపు తిరిగి మౌనం పాటిస్తారు. బిడ్డను ఇచ్చిన సముద్రానికి తమ మాటలు కొన్నాళ్ళు ఇచ్చేయడం అది. ఆ కాలంలో తిండి కూడా తగ్గిస్తారు. పలకరించకపోవడమే ఇంటివాళ్ళు చూపే గౌరవం. మౌనం ముగిసేదాకా తల్లి కూడా కూతురిని చూడడానికి రాదు."

ఆ గొంతు వెనక ఎవరి మాటలున్నాయో హిమబిందుకు తెలుసు. దీవి నుంచి దిగిన కొత్తలో, ఇసోరా పనికి రాకముందు, ఒక పండు ముసలమ్మ చెప్పగా తనే రికార్డు చేసింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ కళ్ళారా చూడలేదు. ఇవాళ తన ఇంట్లో, తన కోడలు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.

సాయంత్రం విహాన్ గదిలోకి వెళ్ళబోతుంటే ఆపింది.

"వద్దురా. మాట్లాడించకు."

"అది కాదమ్మా. నా వైపు చూసింది. ఏదో చెప్పబోయినట్టుంది. ఒకసారి పలకరించి వచ్చేస్తా."

"ఆమె వాళ్ళ సముద్రానికి మాటిచ్చింది. నువ్వు పలకరిస్తే ఆ మాట పోగొట్టినట్టవుతుంది. కొన్నాళ్ళు ఓపిక పట్టు."

"ఇసోరా నాకెప్పుడూ చెప్పలేదే ఇలాంటిదుందని."

"అన్నీ చెప్పుకుంటారా?" అంది హిమబిందు. విహాన్ గుమ్మంలోనే కాసేపు నిలబడి వెనక్కి తిరిగాడు.

బాలింతలను చూసిపోయే నర్సు సరళ వచ్చింది. పాపను తూచింది. గది తలుపు కొంచెం తీసి, గోడవైపున్న ఇసోరా వీపు చూసి, చెవి దగ్గర వేలు పెట్టుకుని విని, మెల్లగా వెనక్కొచ్చింది.

"కదిలించకూడదట కదా మేడమ్," అంది గుసగుసగా. "మళ్ళీ వస్తానులెండి."

పాప ఏడిస్తే హిమబిందు ఎత్తుకెళ్ళి ఇసోరా ఒడిలో పెట్టేది. మొదట్లో ఇసోరా చేతులు చాపి అందుకునేది. తరువాత ఒక చేయే లేచేది. ఒకసారి ఆమె పెదవులు కదిలాయి. మాట కాదు, గొంతులో ఏదో గీసుకుపోతున్న చప్పుడు. హిమబిందు మర్యాదగా తల దించుకుని బయటికి వచ్చేసింది.

ఆ మర్నాడు పొద్దున్నే గదిలో ఏదో పడిన చప్పుడైతే పరుగెత్తారు. ఇసోరా నేలమీద పడి కొట్టుకుంటోంది. ఆస్పత్రికి చేరేసరికి కొట్టుకోవడం ఆగింది. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

డాక్టరు చిన్నవాడు. చెప్పలేక చెప్పాడు. "మెదడులో రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందండీ. కాన్పు తరువాత కొందరికి వస్తుంది. మొదట తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం. తరువాత మాట పడిపోతుంది. మాట్లాడాలని ఉంటుంది, రాదు. ఒక పక్క చేయి బలహీనపడుతుంది. ముందుగా తెస్తే మందులతో కరిగించేవాళ్ళం. మాట పడిపోయినప్పుడైనా తెచ్చి ఉంటే..."

విహాన్ తల్లివైపు చూడలేదు.

*

శవం ఉంచిన గది బయట వరండాలోకి తనేవా పరుగెత్తుకుంటూ వచ్చింది. పనిలోంచి వచ్చినట్టుంది, చేతులకు ఉప్పు అంటుకునే ఉంది. ఎలా ఎదురుపడాలో తెలియక హిమబిందు గొణిగితే చెవిలో పూస చెప్పింది, లుమేరీలు బిడ్డ పోయిన తల్లిని మాటలతో ఓదార్చరని, చేతులు దించి ఎదురుగా నిలబడతారని. హిమబిందు అలాగే నిలబడింది.

"ఏటి వొదినా అలగ నిలబడిపోనావు?" తనేవా ఆమె భుజాలు పట్టుకుని కుదిపింది. "నా పిల్లకేటైంది? సెప్పవేటి?"

డాక్టరు చెప్పిందంతా హిమబిందు చెప్పింది.

"మాట పడిపోతే నాకు కబురెట్టలేదేటి?"

"పురిటి మౌనం అనుకున్నాం వదినా. మీ వాళ్ళు గోడవైపు తిరిగి..."

"మౌనమా? ఏ మౌనం?" తనేవా అర్థంకానట్టు చూసింది. కాసేపటికి అర్థమైంది. వరండా గోడకు చేయి ఆనించుకుంది. "అదా. అది మా అమ్మ సేసింది. మా అత్త సేసింది. నాను సెయ్యనేదు. దీవితోపాటే దాన్ని ఒగ్గీసినాం వొదినా. రేకుల కొంపలో పక్కింటోడి దగ్గు ఇనిపిస్తది, అక్కడ మౌనమెలాగుంటాది? నా పిల్లకి దాని పేరు కూడా తెల్దు."

హిమబిందు చేయి చెవి వెనక పూస మీదికి పోయింది.

"నాకు ఫోను సేసింది," అంది తనేవా. ఇప్పుడామె అరవడం లేదు. "అమ్మా, తల పగిలిపోతందీ అంది. మీ అత్తకి సెప్పవే అంటే, సెప్పినాను, గుడ్డ కట్టినారు, అదే వీళ్ళ మందంట, గుడ్డ విప్పినా, మళ్ళీ నొప్పన్నా అత్తయ్య పెద్దరికాన్ని తీసీసినట్టంట, పూస సెప్పింది అంది. ఈ గదిలోకి ఎవులూ ఎక్కువ రావట్లేదమ్మా, బాలింతని అలగే ఒగ్గేస్తారంట వీళ్ళల్లో, కోపం కాదంట అంది. నాను రానా అన్నాను. వద్దమ్మా, వాళ్ళు పిలిస్తే రా అంది. నానూ పూసనడిగినాను. పిలవకుండా వియ్యపురాలింటికి పోతే సులకనంట గదా మీలో. నువ్వు పిలుస్తావని సూసినాను వొదినా. రోజూ సూసినాను."

"మీరు రారని..." అంది హిమబిందు. "మౌనం అయ్యేదాకా తల్లి రాదని..."

తనేవా గోడ మీది చేయి తీసేసి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

విహాన్ వరండా చివర నిలబడి ఇదంతా విన్నాడు. తల్లి దగ్గరికి వచ్చి, చాలా నెమ్మదిగా అన్నాడు.

"నేను పలకరిస్తానన్నానమ్మా."

"అవున్రా."

"వద్దన్నావు."

"అన్నాను."

అతను చెవి వెనక పూస పీకి, ఏం చేయాలో తెలియనట్టు అరచేతిలో చూసుకుని, జేబులో వేసుకున్నాడు.

*

పాపకు ఇంకా పేరు పెట్టలేదు. పేరు మాట ఎత్తితే విహాన్ "ఎవరు పెట్టాలో పూసనడుగు" అని బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. అతను ఇంటికి వచ్చేది పాపను చూడడానికీ పడుకోవడానికీ మాత్రమే. హిమబిందు మొండిగా ఒకసారి అతని ఎదురుగా కూర్చుని, "నీ మనసులో ఏముందిరా? తిట్టాలనుంటే తిట్టు" అంది. అతను అన్నం కలుపుతూనే, "ఏమీ లేదమ్మా" అన్నాడు. అది కొడుకు జవాబో, పూస నేర్పిన జవాబో ఆమె పోల్చుకోలేకపోయింది.

పరిశోధనాలయానికి వెళ్ళి కిరీటి గదిలో కూర్చుంది.

"ఆపేయ్," అంది.

కిరీటి ఆమెకు నీళ్ళిచ్చాడు. అతను ఇసోరా పెళ్ళిలో వడ్డనకు నిలబడినవాడు. కళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

"ఎరుక రాకముందు ఎన్ని తలలు పగిలాయో నీకంటే ఎవరికి తెలుసు హిమా? ఆపేస్తే మళ్ళీ మొదలవుతుంది. ఆ చావులు నీ లెక్కలో వేసుకుంటావా, నా లెక్కలోనా?" ఆమె చేతిలోని గ్లాసు తీసి పక్కన పెట్టాడు. "అది తప్పు చెప్పింది. దిద్దుదాం."

"తప్పు చెప్పలేదు, అదే నా ఏడుపు. లుమేరీ స్త్రీలు ఏం చేస్తారని నేనడిగాను. వాళ్ళు చేసేదే చెప్పింది. ఒకప్పుడు చేసేదే. తెలుగువాళ్ళు బాలింతను ఎలా చూస్తారని ఇసోరా అడిగింది. దానికీ నిజమే చెప్పింది. ఇసోరాకేమైందని నేను ఇసోరాని అడగలేదు కిరీటీ. పక్క గదిలో ఉంది."

చివరికి ఇద్దరూ ఒక దారి చూశారు. ఇకనుంచి ఎరుక ప్రతి జవాబు చివరా ఒక మాట కలుపుతుంది: "ఇది నాకు తెలిసినంత మటుకే. ఆ మనిషినే అడిగి తెలుసుకోండి." హిమబిందు తనే ఆ వాక్యం రాసింది. రేవుపాలెం పూసలన్నిటిలో పెట్టించింది. ఇసోరా పోయాక ఆమెకు తిండి రుచి తెలిసింది ఆ ఒక్క వారమే.

చాలామంది ఆ వాక్యం పూర్తిగా వినేవాళ్ళు కాదు. విన్నవాళ్ళలో గౌరమ్మ కోడలు పైడితల్లి ఒకతె. చేపల బజారులో ఆమెకు ఎదురుగా కూర్చునే లుమేరీ మనిషి, పైడితల్లి దగ్గరికి రాగానే తన గంపలో చేపల తలలు అటువైపు తిప్పింది. పూస ఏదో చెప్పి, ఆమెనే అడగమంది. పైడితల్లి అడిగింది, మంచిగానే.

"ఏటమ్మా, నన్ను సూసీసరికి తలకాయలు అటు తిప్పీసినావు? ఎందుకలగ?"

బజారు బజారంతా చప్పబడిపోయింది. కొన్నేళ్ళుగా ఆ ప్రశ్న ఎవరూ ఎవరినీ నోటితో అడగలేదు. అందరి చెవుల్లోనూ చెప్పే పూస ఉండగా నలుగురిలో నోరెత్తి అడిగిందంటే, అది పరువు తీయడానికే అయుండాలి. లుమేరీ మనిషి లేచి గంప తన్నింది. ఆమె తమ్ముడొచ్చి పైడితల్లిని నెట్టాడు. పైడితల్లి మొగుడు చేపలు కోసే కత్తితోనే వచ్చాడు. చీకటి పడకముందే మూడు కొట్లు కాలాయి. ఆస్పత్రిలో ఆ లుమేరీ కుర్రవాడికి కుడిచేయి మోచేతి కింద తీసేశారు.

"నాను ఊరికే అడిగినానమ్మా," అని పైడితల్లి తరువాత హిమబిందు దగ్గర గుండెలు బాదుకుంది. "నిజంగా తెల్వకే అడిగినాను. అడిగితే తప్పా?"

ఆ సాయంత్రమే కిరీటి ఆ వాక్యం తీయించేశాడు. హిమబిందు అడ్డు చెప్పలేదు. బదులుగా ఎరుకకు ఇంకొకటి నేర్పారు. లుమేరీలలో పురిటి మౌనం ఇప్పుడు లేదని. ఇసోరా చావు నుంచి మిగిలింది ఆ ఒక్క దిద్దుబాటు.

*

కొన్ని నెలలు గడిచాయి. పాప బోర్లా పడడం నేర్చింది. తనేవా ఒక్కసారీ రాలేదు. హిమబిందు ఫోను చేస్తే మర్యాదగా మాట్లాడేది. పాప పాలు తాగుతోందా, జ్వరం తగ్గిందా, అంతే. ఇటు రమ్మంటే "సూద్దాం" అనేది.

ఒక ఆదివారం హిమబిందు చెవి వెనక పూస తీసి అల్మరాలో పెట్టి, పాపను ఎత్తుకుని దిబ్బల మీదికి నడిచింది. ఏమనాలో ఏమీ అనుకోలేదు. తనేవా ఎలా అరిచినా పడాలని, జుట్టు పట్టుకుని కొట్టినా కదలకూడదని మాత్రం అనుకుంది. ఆ వరండాలో తనేవా తన భుజాలు పట్టుకుని కుదిపిన కుదుపు ఆమెకు ఇంకా ఒంట్లో ఉంది. ఈ మధ్య కాలంలో తనను మనిషిగా ముట్టుకున్నది ఆ ఒక్కతే అని కూడా అనిపించింది.

కాలనీలో మార్పు కనిపించింది. బజారు గొడవ తరువాత పూస లేకుండా ఊరివాళ్ళతో ఎవరూ నోరు విప్పడం లేదు. పసిపిల్లల చెవుల వెనక కూడా ఉంది. హిమబిందును చూసి ఇద్దరాడవాళ్ళు తలవంచి దారిచ్చారు. ఒకామె "తిన్నారాండీ?" అని పలకరించింది, పాఠం అప్పజెప్పినట్టు.

తనేవా ఇంటి ముందు నీడలో నలుగురు లుమేరీ ఆడవాళ్ళతో కలిసి వల బాగుచేస్తోంది. హిమబిందును చూసి లేచింది. పాప మీద ఆమె చూపు ఒక్క క్షణం నిలిచి, పక్కకు తప్పుకుంది.

"రండి," అంది. పీట వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. చెప్పులు విప్పేచోటు చూపించింది. అన్నీ సరిగ్గా, ఏ తెలుగింటి ఇల్లాలైనా చేసినట్టే.

హిమబిందు పీట మీద కూర్చోలేదు.

"వదినా," అంది. "నీ పిల్లని నా చేతుల్లో పెట్టావు. నేను పక్క గదిలోనే ఉన్నాను. అది నన్ను పిలవాలని చూసింది. నేను తల దించుకుని..."

ఇసోరా పోయిన రోజు, దహనం రోజు, ఆ తరువాత ఇన్ని నెలలూ రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. పాపను పొదువుకుని ఇసుకలో కూలబడి, ఎవరు వింటున్నారో కూడా తెలియకుండా, నోరు తెరిచి, పెద్దగా, ఊపిరాడకుండా ఏడ్చింది. పాప కూడా బెదిరి ఏడుపందుకుంది.

తనేవా ఒక అడుగు ముందుకు వేసింది. చేయి సగం చాచింది. ఆమె మొహం కూడా కదిలింది. అంతలో ఆమె పెదవులు చిన్నగా ఏదో గొణిగాయి. చాచిన చేయి అక్కడే ఆగింది. పూస చెప్పింది వింది. ఆ చేయి నెమ్మదిగా కిందికి దిగింది.

తనేవా వెనక్కి తిరిగి మిగతావాళ్ళకు లుమేరీలో ఏదో చెప్పింది. వాళ్ళు వల వదిలి లేచి, చోటు ఇస్తున్నట్టు దూరం జరిగారు. ఒకామె వంగి పాపను జాగ్రత్తగా తీసుకుంది.

"కానివ్వండి అమ్మగారూ," అంది తనేవా. ఆ గొంతులో కోపం లేదు. "సావింటికొస్తే మీవోళ్ళు ఇలగ గట్టిగా ఏడాలంట గదా. మాకు తెలుసును. మేమేటీ అనుకోం. అయినంతసేపు ఏడండి."

హిమబిందు తలెత్తింది. "ఆచారం కాదు వదినా. ఆచారం కాదు. ఇది నేనే. నన్ను చూడు."

తనేవా మళ్ళీ ఒక క్షణం పూస మాట వింది.

"అలగే అంటారంటండీ," అంది మెత్తగా.

ఆమె రెండడుగులు వెనక్కి వేసి, మిగతా ఆడవాళ్ళ పక్కన నిలబడింది. అందరూ చేతులు కట్టుకున్నారు. తలలు వంచారు. ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ దగ్గరికి రాలేదు. ఎండలో అలాగే మర్యాదగా నిలబడి, హిమబిందు ఏడుపు పూర్తికావడానికి ఎదురుచూశారు.